ప్లాను గీయకముందే మా వీధికి రండి

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) ఉపాధ్యక్షుల వారికి,



తిరుపతి చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలపాలన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. ఇవాళ కాకపోతే రేపు కలుస్తాయి. అవిలాల, తుమ్మలగుంట, పేరూరు, తిరుచానూరు వైపు వెళ్తే పల్లె ఎక్కడ అయిపోయిందో, పట్నం ఎక్కడ మొదలైందో చెప్పడం ఇప్పటికే కష్టం. కలపడం మీద నాకు పేచీ లేదు. కలిపేటప్పుడు జారిపోయే ఒక హక్కు గురించి మీతో మాట్లాడాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పంచాయతీలో ఉన్న మనిషికి గ్రామసభ ఉంది. రాజ్యాంగంలో 243ఎ అధికరణం ఇచ్చిన సభ అది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఆ సభ సరిగ్గా జరగకపోవచ్చు. కోరం లేకపోవచ్చు. సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టించుకోవచ్చు. ఎంత చెడినా అది అడగడానికి ఒక చోటు. చెరువు కట్ట మీద ఎవరైనా ఇల్లు లేపుతుంటే లేచి నిలబడి "ఇదేందబ్బా?" అని నలుగురి ముందు అడగొచ్చు. ఆ ఊరు కార్పొరేషన్‌లో కలిసిన మర్నాడు ఆ చోటు పోతుంది. ఇంటి పన్ను మారుతుంది, చిరునామా మారుతుంది, చెత్త బండి వస్తుంది. సభ మాత్రం రాదు. దాని బదులు ఏమిస్తారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నగరాలకు కూడా రాజ్యాంగం ఒక ఏర్పాటు చేసింది. 74వ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. 2011 లెక్కల్లో తిరుపతి జనాభా 2,87,035. గీతకు కాస్త ఇవతల ఆగిపోయాం. ఈ పదిహేనేళ్లలో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీకు తెలియంది కాదు, ప్లాన్లు మంజూరు చేసేది మీరే. కాబట్టి ఆ పాత అంకెను అడ్డం పెట్టుకోవద్దని మనవి. పైగా నగరాల అభివృద్ధి కోసం తెచ్చిన జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎం పథకం కింద కేంద్రం డబ్బు తీసుకున్న రాష్ట్రాలు ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలన్నది షరతు. ఆ షరతు ప్రకారమే ఉమ్మడి రాష్ట్రం మున్సిపల్ చట్టాలను సవరించి వార్డు కమిటీ, వార్డులో ప్రాంతాల వారీగా జనం కూర్చునే ఏరియా సభ అనే మాటలను అందులో చేర్చింది. తిరుపతి కూడా ఆ పథకం నగరాల జాబితాలో ఉండింది. డబ్బొచ్చింది, పనులు జరిగాయి. ఏరియా సభ అంటే ఏంటని మన వీధుల్లో నిలబడి అడగండి. పదిమందిలో ఒకరు కూడా చెప్పలేరు.

ఈ ఊరు 1886లో మున్సిపాలిటీ అయింది. 2007 మార్చిలో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నిక మాత్రం 2021 మార్చిలో జరిగింది. నడుమ 14 ఏళ్లు ఎన్నికైన కౌన్సిల్ లేకుండానే నగరం నడిచింది. స్మార్ట్ సిటీగా తిరుపతి ఎంపికైంది 2016 సెప్టెంబరులో. అంటే ఒక తరానికి సరిపడా పెద్ద ప్రణాళిక తయారైన రోజుల్లో ఈ ఊళ్లో కార్పొరేటర్ అనేవారే లేరు. అధికారులు చేతనైనంత చేశారు. ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు కూడా అడిగారు. కాని కొరమేనుగుంటలో పూలు కట్టి అమ్ముకునే ఆమె ఆ వెబ్‌సైట్ తెరుస్తుందని ఎవరనుకున్నారు? స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చితో ముగిసింది. ఇక ముందు వచ్చే ప్రణాళికలకైనా పద్ధతి మారాలి.

ఎందుకు మారాలో నీళ్లు మనకు 2021లో చెప్పాయి. ఆ ఏడు అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో వాన నీళ్లు నిలిచాయి. దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం వాహనం అందులో చిక్కుకుని ఒక యువతి ప్రాణం పోయింది. గట్టి వాన పడితే ఆ వంతెన కింద నీళ్లు నిండుతాయని అటు తిరిగే ప్రతి ఆటో డ్రైవరుకూ తెలుసు. తెలియనిది పొరుగూరి వాళ్లకే. తెలిసినవాళ్ల మాట వినిపించుకునే ఏర్పాటు ముందే ఉండుంటే అక్కడ ఒక గేటో, గొలుసో, ఎర్ర దీపమో ఆ రాత్రికి ఉండేదని నేను నమ్ముతాను.

మరుసటి నెల, కార్తీక పున్నమి నాళ్లలో, కొండ మీద కురిసిన వాన కపిలతీర్థం మీదుగా ఊళ్లోకి దూకింది. లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్, ఎం.ఆర్.పల్లి, ఎక్కడ చూసినా నీళ్లే. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. కృష్ణానగర్‌లో ఒక ఇంటి ముందు భూమిలో దించిన నీళ్ల తొట్టి సిమెంటు వరలతో సహా నేల చీల్చుకుని పైకి లేచి నిలబడింది. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు, కొందరు దండం పెట్టారు కూడా. నేల కింద నీటి ఒత్తిడి పెరిగితే ఖాళీ చేసిన తొట్టి తేలుతుంది. ఒకప్పుడు నీళ్లు నిలిచిన పల్లంలో కాలనీలు కట్టుకున్నామని ఆ వరలు పదిమందికీ కనబడేలా లేచి చూపించాయి.

శేషాచలం నుంచి స్వర్ణముఖి దాకా ఈ నేలంతా దక్షిణానికి వాలి ఉంది. కొండ నీళ్లు వంకల్లో దిగి, గుంటలు నింపి, ఒక చెరువు మొరవ పోతే ఆ నీళ్లు కింద చెరువుకు చేరి, చివరికి ఏట్లో కలిసేవి. తాతయ్యగుంట, గొల్లవానిగుంట, కొరమేనుగుంట, తుమ్మలగుంట ఇప్పుడు మనకు బస్టాపులు, వార్డులు, అడ్రసులు. ఆ దారి మీద రోడ్లు వేశాం, రైలు కట్ట అడ్డంగా పోయింది, లేఅవుట్లు వేశాం. ఏ ఒక్క పనినీ విడిగా తప్పు పట్టలేం. ఒక్కో పనికి ఒక్కో ఫైలు, ఒక్కో శాఖ. నీళ్లు నడిచే దారిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కటిగా చూసిన ఫైలు మాత్రం ఎక్కడా లేదు.

అట్లా చూసిన మనుషులు ఉన్నారు. మా వీధిలో పాలు పోసే ఆమె పుట్టిల్లు ఇక్కడే. ఈ కాలనీ లేఅవుట్ కాకముందు ఇవన్నీ కయ్యలు. ఒకరోజు కాలువ పని జరుగుతుంటే పాల క్యాను కింద పెట్టి నిలబడి చూసింది. "ఈడ కాదు సారూ కాలవుండేది. ఆ రెండు గెనాల నడిమిన వొస్తా ఉండె. ఇప్పుడా మూలింటి కిందికి పడిపోయింది" అని చేత్తో గీత గీసినట్టు చూపించింది. ఆమె చూపించిన మూలింటి ప్రహరీ మీద మోకాలెత్తున బురద మరక ఉంది. సంక్రాంతికి సున్నం కొడితే పోతుంది, నాలుగు నెలలకు మళ్లీ తేలుతుంది. ఆ ఇంటివాళ్లు గడప ముందు ఇటుకలతో చిన్న గట్టు కట్టుకున్నారు. వాళ్లు కట్టారని పక్కింటివాళ్లూ కట్టారు. వీధి పొడుగునా ఇప్పుడు గడప గడపకూ గట్టు. ఇక కాలువ సంగతి చెప్పాలి. మూడడుగుల వెడల్పున వచ్చే కాలువ మలుపు దగ్గర అడుగున్నర పైపులోకి దూరుతుంది. టేపు పట్టుకుని కొలిచాను కాబట్టి రాస్తున్నాను. ఆ పైపు ఎవరు వేశారో, ఏ పథకంలో వేశారో వెతికి ఎవరినో తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పైపు వేసేముందు ఆ పాలామెను ఒక్క మాట అడిగే పద్ధతి లేకపోయిందే అన్నది నా బాధ.

ఒకప్పుడు ఈ సీమలో అడిగే పద్ధతి ఉండేది. చెరువు కట్ట తెగకుండా చూసుకోవడం, పూడిక తీయడం, తూము దగ్గర కాపలా ఉండడం ఊరందరి పని. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో దాన్ని కుడిమరామత్తు అన్నారు. చెరువు తవ్వించినవాళ్లకూ మరమ్మతు చూసుకునేవాళ్లకూ దశబంధం ఇనాముగా ఆయకట్టులో భూమి ఉండేది. ఇంటికొక మనిషి పారతో రావాలి, రాకపోతే ఊళ్లో మాట పడాలి. ఆ రోజుల్లో అందరికీ సమానమైన మాట ఉండేదని నేననడం లేదు. కులాన్ని బట్టి కొందరు కట్ట మోశారు, కొందరు నీళ్లు పంచుకున్నారు. ఆ అన్యాయం మళ్లీ రాకూడదు. కాని నీటి మీద ఊరికి ఉన్న ఎరుక పనికొచ్చేది. తిరుమల ఆలయ చరిత్ర చూసినా అదే కనబడుతుంది. విజయనగర కాలంలో దాతలిచ్చిన సొమ్ములో కొంత పెట్టి ఆలయ గ్రామాల్లో కాలువలు తవ్వించారు, చెరువులు బాగు చేయించారు. పెరిగిన పంటలో నుంచి స్వామికి నైవేద్యం జరిగేది. శాసనాలు ఈ సంగతి వివరంగా చెబుతాయి. ఇప్పుడు కూడా శ్రీనివాస సేతు పైవంతెనకు దేవస్థానం సింహభాగం ఖర్చు భరించింది. 2023 సెప్టెంబరులో ఆ వంతెన తెరిచాక యాత్రికుల బండ్లు ఊరి మీదుగా సాఫీగా పోతున్నాయి. వంతెన కింద బతికేవాళ్ల వీధులకు, చెరువులకు కూడా దేవస్థానం, కార్పొరేషన్, తుడా ఒక బల్ల చుట్టూ కూర్చోవాలని, ఆ బల్ల దగ్గర మాకూ ఒక కుర్చీ ఉండాలని అడుగుతున్నాను. రోజుకు 60, 70 వేల మంది భక్తులు వచ్చే ఊరు ఇది. వాళ్ల కోసం ఊరు మారాలి, అందులో రెండో మాట లేదు. అన్నిటికీ పక్కకు జరగాల్సింది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లంటే మాత్రం మనసు ఒప్పుకోదు.

ఇక కబురు చేరవేసే తీరు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు, సలహాలు పిలవాలని చట్టంలో ఉంది. పిలుస్తారు కూడా. పత్రికలో ఒక మూల ప్రకటన వస్తుంది, ఆఫీసులో మ్యాపు తగిలిస్తారు. సర్వే నంబర్లు, రంగుల గళ్లు, ఇంగ్లీషు అక్షరాలు. గడువు ముగిసిన చాలా రోజులకు ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసినప్పుడు గాని ఆ ఇంటివాళ్లకు ప్లాన్ సంగతి తెలియదు. అప్పుడు కోర్టుకెళ్తారు, లేదా తెలిసిన నాయకుడి దగ్గరికి పోతారు. పోయిన స్థలానికి బదులుగా టీడీఆర్ బాండు చేతికొస్తే దాన్నేం చేసుకోవాలో తెలియక దళారి చేతిలో పెడతారు.

అదే ఊళ్లో ఏటా మే నెలలో గంగమ్మ జాతర జరుగుతుంది. అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది, మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక పొలిమేర దాటకూడదని తిరుపతిలో పసిపిల్లకు కూడా తెలుసు. ఎవరూ సెల్‌ఫోన్‌కు మెసేజ్ పంపరు. వీధి వీధికీ మనిషి వెళ్తాడు, డప్పు మోగుతుంది, తెలియలేదనే మాట ఎవరి నోటా రాదు. ప్లాన్ ముసాయిదాకు కూడా ఆ చాటింపు కావాలి. వీధిలో, తెలుగులో, పనులు ముగించుకుని జనం ఇళ్లు చేరే సాయంత్రం వేళ.

మనిషి కోసం మీరు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి. ప్రతి సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి, సౌకర్యాల కార్యదర్శి, పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి ఉన్నారు. చాలామంది ఇంజనీరింగ్ చదివిన పిల్లలు. సర్వేలు, వసూళ్లు, ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం, ఇదే వాళ్ల పనైపోయింది. వాళ్ల చేత వార్డు మ్యాపు గీయించండి. రెవెన్యూ వాళ్ల పాత ఎఫ్‌ఎంబీలు, అంటే పొలాల కొలతల పుస్తకాలు తెప్పించి వంక ఎక్కడ పోయేదో, గుంట ఎక్కడ ఉండేదో దాని మీద నీలం రంగుతో వేయించండి. పాత కాపులను, పాలామెలను, కాలువల్లో దిగే పారిశుద్ధ్య కార్మికులను వెంట తీసుకుని ఒక ఆదివారం ఆ నీలం గీత వెంబడి నడవమనండి. కార్మికులను మరిచిపోవద్దు. ఏ మూల చెత్త పడుతుందో, ఏ హోటల్ నూనె ఏ కాలువలోకి వదులుతుందో వాళ్లకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

మీ వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. సభ పెడితే జనం తమ ఇంటి ముందు లైటు గురించే మాట్లాడతారు, ఆక్రమించినవాళ్లే ముందు వరసలో కూర్చుంటారు, కాలనీ సంఘం అధ్యక్షుడు మైకు వదలడు. నిజమే, జరుగుతుంది. సొంతిల్లున్నవాళ్ల సంఘాన్నే జనం అనుకోవడం కూడా ఉంది. తిరుపతిలో సగం వీధుల్లో అద్దెకుండేవాళ్లు, హోటళ్లలో, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, చదువుకునే పిల్లలు. వంక గట్టున గుడిసె వేసుకున్నవాళ్లకైతే సభ అంటేనే భయం, పేరు రాస్తే రేపు జేసీబీ వస్తుందని. అందుకే సభలో ఎవరు కూర్చోవాలో నియమం ఉండాలి. పొదుపు సంఘాల ఆడవాళ్లకు, అద్దెవాళ్లకు, గట్టున ఉన్నవాళ్లకు పేరు పెట్టి చోటివ్వాలి. గుడిసె తీయక తప్పకపోతే మరో చోట ఇల్లు చూపించిన తర్వాతే తీస్తామని ఆ సభలోనే రాసివ్వాలి. మేడలు కట్టి కాలువ మూసినవాళ్ల సంగతి కూడా ఆ సభలోనే, అదే గొంతుతో మాట్లాడాలి.

జనం తమ గడప దాటి ఆలోచించరన్న మాట మాత్రం నేనొప్పుకోను. చెన్నై పక్కన ఆలందూరు ఉంది. ఇప్పుడు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది గాని అప్పట్లో విడి మున్సిపాలిటీ. 1990ల చివర భూగర్భ డ్రైనేజీ కావాలని ఆ ఊరు తీర్మానించుకుంది. సర్కారు సొమ్ము చాలదు. మున్సిపాలిటీ వాళ్లు కాలనీ సంఘాలను కూర్చోబెట్టి లెక్కలన్నీ ముందు పెట్టారు. ఇంటికి 5 వేల రూపాయల డిపాజిట్ అడిగారు. పైపు కనబడకముందే వేలమంది కట్టారు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంట్లో 5 వేలంటే చిన్న మాట కాదు. కట్టిన డబ్బు ఎటుపోతుందో తెలిసింది కాబట్టి కట్టారు. బెంగళూరు సర్జాపుర రోడ్డులో కైకొండరహళ్లి చెరువును చుట్టుపక్కల వాళ్లు, కార్పొరేషన్ కలిసి ప్లాన్ వేసి బతికించారు. కేరళ 1996లో మొదలుపెట్టి ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకిచ్చి, వార్డు సభల్లో పనులు ఎంచుకోమంది. ఈ మూడు చోట్లా తగాదాలు లేవని కాదు. తగాదా పడ్డానికి ఒక చోటు ఏర్పడింది, పని కూడా జరిగింది.

ఈ ఉత్తరం చిత్తూరు నగరపాలక సంస్థ వారు కూడా చదివితే సంతోషం. 2021 నవంబరులో నీవా నది చిత్తూరు ఇళ్లలోకి వచ్చింది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే ఏరు కాబట్టి దాని ఒడ్డును ఖాళీ జాగా అనుకున్నాం. కట్టమంచి చెరువు ఊరి నడిబొడ్డున ఇంకా మిగిలి ఉంది. ఆ కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు రాసిన 'ముసలమ్మ మరణము' కథంతా అనంతపురం సీమలో ఒక చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఇల్లాలిదే. అంత పేరున్న కట్టమంచి చెరువు గట్టున ఏం కట్టాలో, ఏం కట్టకూడదో ఆ గట్టున ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడగడానికి ఈ రోజు ఎవరి ప్రాణాలూ అక్కర్లేదు. ఒక సాయంత్రం, ఒక మైకు చాలు.

ఇప్పుడు నా వినతి. ఏ పంచాయతీనైనా నగరంలో కలిపే ముందు అక్కడ గ్రామసభ స్థానంలో ఏరియా సభ ఏర్పాటు చేస్తున్నట్టు ఉత్తర్వు రావాలి. కలిపాక చూద్దాం అనొద్దు. నగరంలో ఇప్పటికే ఉన్న వార్డుల్లోనూ అదే సభ మొదలవ్వాలి. సభలో వచ్చిన ప్రతి అభ్యంతరానికి ఒప్పుకున్నారా, ఒప్పుకోలేదా, ఎందుకు అని తెలుగులో రాతపూర్వకంగా జవాబు సచివాలయం గోడ మీద పెట్టాలి. వార్డుకు ఖర్చు పెట్టే సొమ్ములో కొంత భాగం ఏ పనికో సభే తేల్చాలి. ఎంత భాగమన్నది మీరే చెప్పండి. చిన్న మొత్తమైనా ఫరవాలేదు, మాట తప్పకుండా ఏటా రావాలి. సొమ్ము చేతిలో లేని సభకు రెండో ఏడు ఎవరూ రారు.

అన్ని వార్డుల్లో ఒకేసారి కుదరకపోతే ఒక నీటి దారితో మొదలుపెట్టండి. కపిలతీర్థం దగ్గర దిగిన నీళ్లు స్వర్ణముఖిలో కలిసేదాకా నడుమ ఏయే వార్డులు, ఏయే పంచాయతీలు తగులుతాయో ఆ సచివాలయాలన్నిటికీ కలిపి ఒక సభ. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆ లోపు మ్యాపు గీసి, ఆ దారి వెంబడి నడిస్తే, మలుపుల దగ్గర పైపులు మార్చడం లాంటి పనుల్లో సమయం పట్టేవేవో, వెంటనే అయ్యేవేవో తేలిపోతాయి.

మా వీధిలో ఏ ఇంటి ముందు ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో, కాలువ ఎక్కడ ఎంత వెడల్పుందో నోటు పుస్తకంలో రాసి పెట్టాను. పాలామె చూపించిన పాత కాలువ దారిని కూడా అందులో గీశాను. మరో నలుగురు వాళ్ల వాళ్ల వీధుల లెక్క రాస్తామన్నారు. మీరు తేదీ చెబితే మా వార్డు సచివాలయానికి తెచ్చిస్తాం.

ఇట్లు,
తిరుపతి నివాసి ఒకరు